ఉగాది సున్నం కింద బీట

మిషను పక్కన కునుకు

మీరేం ఉద్యోగం చేసేవారని ఎవరైనా అడిగితే, మిషన్ల పక్కన కూచుని కునుకు తీసేదాన్నని చెబుతాను. వినేవాళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వారు గాని, నా పనిలో సగం అదే. మిగతా సగం ఉలీ సుత్తీ పట్టుకుని మోకాళ్ళ మీద కూచోవడం. ఇప్పుడు మోకాళ్ళు పోయాయి, కునుకు మాత్రం మిగిలింది.

మా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి మిల్లుల్లో దూదిని బేళ్ళు కట్టే ప్రెస్సులు, మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీల్లో కంప్రెసర్లు, మార్టూరు వైపు గ్రానైటు కోసే పెద్ద రంపాలు ఉంటాయి. ఇవేవీ వట్టి నేల మీద నిలబడవు. ఒక్కోదాని కింద ఇనుపకడ్డీలు వేసి పోసిన కాంక్రీటు దిమ్మె ఉంటుంది. మిషను గురించి అందరికీ తెలుసు, దిమ్మె గురించి ఎవరికీ పట్టదు. అది బీటలిచ్చాకే అందరికీ పట్టేది. అప్పుడు మాకు ఫోను చేసేవాళ్ళు. బీట ఎందుకొచ్చిందో కనిపెట్టడం, బాగుచేయడం మా ఆఫీసు పని. ఆఫీసంటే గుంటూరులో ఒక డాబా మీద రెండు గదులు, ఒక ఫ్యాను, మా బాసు ప్రసాదరావు గారు, నేను.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. బీట ఎంత లోతుకు దిగిందో చెప్పే యంత్రాలు వాళ్ళ సంచుల్లో ఉన్నాయి. మా రోజుల్లో అవి లేవని నేనేమీ గొప్పలు పోను. ఉంటే నేనూ వాడేదాన్నే. కాని బీట ఎక్కడుందో యంత్రం చెబుతుంది గాని ఎందుకొచ్చిందో చెప్పదు. అది తెలియాలంటే ఆ చోట కాసేపు ఊరికే ఉండాలి. ఊరికే ఉండడమెలాగో ఏ కాలేజీలోనూ నేర్పరు కాబట్టి ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

నాకు నేర్పింది ప్రసాదరావు గారు. తొంభైల చివర్లో నేను ఆయన దగ్గర చేరిన కొత్తలో ఒక పత్తి జిన్నింగు మిల్లుకు తీసుకెళ్ళారు. ప్రెస్సు దిమ్మె పగిలిందని మిల్లు యజమాని హడావుడి పడుతున్నాడు. ఈయన ఒక కుర్చీ తెప్పించుకుని, ప్రెస్సు పక్కనే వేసుకుని, కళ్ళు మూసుకున్నారు. గాలినిండా దూది నూగు తేలుతోంది. కిటికీలోంచి వచ్చే ఎండలో అది పైకీ కిందికీ మెల్లగా ఈదుతూ, కాసేపటికి ఆయన బట్టతల మీద వాలి అక్కడే ఉండిపోయింది.

"సారుకి ఒంట్లో బాగాలేదా అమ్మా?" అని యజమాని నా చెవిలో అడిగాడు.

"బాగానే ఉందయ్యా, వినపడుతోంది కూడానూ" అన్నారు ఆయన కళ్ళు తెరవకుండానే. తర్వాత నాతో, "మొదటిరోజు సుత్తి ముట్టుకోవద్దమ్మా. కూచో. నిద్రొస్తే పో. మిషను మోతలో ఏదన్నా మారితే అదే లేపుతుంది" అన్నారు.

నాకు ఇది వింతగా అనిపించలేదు. మాది చీరాల. మా నాన్న గుంటమగ్గం మీద చీరలు నేసేవాడు. మగ్గం మోత వింటూ నిద్రపోవడం మాకు ఉయ్యాలతోపాటే అలవాటు. మగ్గం గుంజ కొంచెం వదులైతే నిద్రలోనే తెలిసేది. మోత ఎక్కడో ఒక కాలు కుంటేది. మా అమ్మ వంటింట్లోంచి "ఏమయ్యా, గుంజ చూసుకో" అని కేకేసేది. కాబట్టి ప్రసాదరావు గారు కూచోమనగానే కూచున్నాను, కాసేపటికి నిజంగానే నిద్రపోయాను కూడా. ఆయన ఆ మాట ఆఫీసులో చాలా ఏళ్ళు చెప్పుకుని నవ్వారు.

నల్లరేగడి

కేసు చెప్పేముందు మా నేల గురించి ఒక్క మాట. తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

మా వైపు నల్లరేగడి. వాన పడితే ఉబ్బుతుంది, ఎండ కాస్తే కుంచించుకుపోతుంది. ఉగాది దాటాక పొలాల్లో నడిస్తే నేల నెర్రెలిచ్చి ఉంటుంది. పెద్ద నెర్రెల్లో చెయ్యి మోచేతిదాకా పోతుంది. చిన్నప్పుడు దర్శి దగ్గర మా పిన్ని వాళ్ళ చేలో ఒక నెర్రెలో నా గాజు పడిపోయింది. తీయబోతే పిన్ని, "వదిలెయ్యవే, వానలకి మూసుకుంటది, నేలతల్లి తొడుక్కుంటది" అంది. వానాకాలం వెళ్ళి చూస్తే నెర్రె లేదు, గాజూ లేదు. నేల కింద ఎవరో నా గాజు వేసుకుని తిరుగుతున్నట్టు చాలాకాలం కలలొచ్చేవి.

పెద్దయ్యాక ఇంజనీరింగు పుస్తకాల్లో ఇదే విషయం లెక్కలతో సహా చదివాను. రేగడి మీద కట్టేటప్పుడు ఆ మన్ను లోతుగా తవ్వి తీసేసి, ఇసకా గ్రావెలూ నింపి, దానిమీద పునాది వేయాలి. ఈ సంగతి మా వైపు మేస్త్రీలందరికీ తెలుసు. తెలిసీ తవ్వరు, ఎందుకంటే తవ్వినది ఎవరికీ కనపడదు. కనపడని పనికి మెచ్చుకోలు ఉండదు. ఈ వృత్తిలో నేను చూసిన సగం జబ్బులు ఇక్కడ పుట్టినవే.

ఎవరిమీదో పడ్డ ఉరుము

రెండువేలు దాటిన తొలి సంవత్సరాల్లో, నడివేసవిలో, వినుకొండ దారిలో ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీ నుంచి ఫోను వచ్చింది. యజమాని పేరు వెంకటేశ్వర్లు గారు. మిరప రైతుగా మొదలై, సాటి రైతుల నమ్మకం మీద కోల్డ్ స్టోరేజీ కట్టినాయన. గొంతు పెద్దది. ఫోనులో మాట్లాడినా ఫోను అక్కర్లేదనిపించేది.

బస్సు దిగి నడుస్తుంటే దారికి రెండువైపులా ఎండమావులు. కోతలైపోయిన చేలమీద గాలి వణుకుతోంది. దూరంగా ఆ తెల్లటి భవనం నీళ్ళమీద తేలుతున్నట్టు కనపడింది. దగ్గరికి వెళ్ళేకొద్దీ నీళ్ళు వెనక్కి పోయాయి, భవనం నేలమీదికి దిగింది. లోపల ఒక గది తలుపు తీసి చూపించారు. కొండల్లా పేర్చిన టిక్కీలు, అంటే మిరప బస్తాలు, మసక వెలుతురు, మిరప ఘాటు, ఒళ్ళు జివ్వుమనే చలి. నా ఊపిరి పొగలా కనపడింది. బయట రోహిణి ఎండ, లోపల ఇది. అక్కడున్న కాసేపూ నేను ఎక్కడున్నానో నాకే తెలియలేదు.

ఆ చలిని తయారుచేసేది అమ్మోనియా కంప్రెసర్లు రెండు. వేరువేరు దిమ్మెల మీద ఉన్నాయి. తూర్పువైపు దిమ్మె అడ్డంగా, మోటారుకీ కంప్రెసరుకీ నడుమ, బీటలిచ్చింది. దాంతో మోటారు ఒక వాలు, కంప్రెసరు ఇంకో వాలు అయ్యాయి. బెల్టులు తెగుతున్నాయి. గొట్టం జాయింటు దగ్గర అమ్మోనియా వాసన రావడం మొదలుపెట్టింది. ఆ గొట్టం ఊడితే లోపల పనిచేసే మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది.

కంప్రెసర్లు చూసుకునే ఆపరేటర్ కోటయ్య. మెడలో తువ్వాలు, చేతిలో స్పానరు, కళ్ళలో నిద్రలేని ఎరుపు. ఆయనా భార్య రమణమ్మా మిషను గది గోడ వెనకే ఒక రేకుల గదిలో ఉంటారు. నేను వెళ్ళేసరికే అక్కడ తీర్పు అయిపోయింది. కంప్రెసరు కంపెనీ మనిషి వచ్చి చూసి, ఆపరేటరు బోల్టులు బిగించకుండా నడిపాడు, అదురుకి దిమ్మె పగిలింది అని చెప్పి వెళ్ళాడట.

"వీణ్ణి నమ్మి పదేళ్ళబట్టీ మిషను అప్పజెప్పానమ్మా" అన్నారు వెంకటేశ్వర్లు గారు, కోటయ్య ఎదురుగానే. "మీరు బాగుచేసే దారి చూడండి. వీడి సంగతి నెలాఖరుకి నేను చూస్తా. సామాన్లు సర్దుకోమన్నా."

కోటయ్య నేలచూపులు చూస్తూ స్పానరు తువ్వాలుతో తుడుస్తూ నిలబడ్డాడు. గోడ వెనకనుంచి రమణమ్మ మాత్రం గట్టిగానే అంది, "ఉరుమురిమి మంగలం మీద పడ్డట్టు, పైన పగిలినా కింద పగిలినా మా ఆయన మీదే!"

కునుకులో విన్నది

తూర్పు కంప్రెసరు వెంటనే ఆపించాను. దానికి వెంకటేశ్వర్లు గారు ఒప్పుకోవడానికి పూట పట్టింది. ఒక్క కంప్రెసరు మీద అన్ని గదులూ చల్లగా ఉంచడం కష్టం. కాయ రంగు తగ్గితే రైతుకి ధర పోతుంది. "రైతులు నా గొంతు మీద కూచుంటారమ్మా!" అని అరిచారు. జాయింటు ఊడితే కూచోవడానికి గొంతు కూడా మిగలదన్నాను. పగలంతా గదుల తలుపులు మూసే ఉంచి, తెల్లవారుజామునే సరుకు బయటికి తీసేటట్టు ఏర్పాటు చేసుకున్నారు.

ఆపిన మిషను పక్కన కుర్చీ వేసుకుని కూచున్నాను. రెండో కంప్రెసరు నడుస్తోంది. దాని మోత ఒకే పోగులా సాగుతోంది, ఎక్కడా కుంటలేదు. కోటయ్య బోల్టులు బాగానే చూసుకుంటాడని నాకు ఆ మోతలోనే తెలిసింది. అలా వింటుంటే కళ్ళు మూతపడ్డాయి. ఆ మోత కింద ఇంకో చప్పుడు వినపడింది. నీళ్ళ చప్పుడు, సన్నగా, తెరిపి లేకుండా. చీరాలలో మా ఇంటి వెనక రంగులద్దే తొట్టెల దగ్గర కూచున్నట్టు, నాన్న మగ్గం ఆపి నన్ను పిలుస్తున్నట్టు అనిపించింది. ఉలిక్కిపడి లేచాను. నీళ్ళ చప్పుడు మాత్రం ఆగలేదు.

గోడ వెనక్కి వెళ్ళి చూస్తే అది వేరే లోకం. వేడెక్కిన అమ్మోనియాని చల్లబరచడానికి గొట్టాల చట్రం మీదనుంచి నీళ్ళు జారుతుంటాయి. దాన్ని కండెన్సరు అంటారు. అక్కడినుంచి చిందిన నీళ్ళు పోవడానికి కట్టినవాళ్ళు కాలవ వేయలేదు. ఆ నీళ్ళు గోడ వెంబడే నేలలోకి ఇంకుతున్నాయి. రమణమ్మ ఆ తడిలో అరటిచెట్లు, కనకాంబరాలు, తోటకూర, గోడమీదికి పాకే సొరపాదు వేసింది. సన్నటి తుంపర ఎండలో మెరుస్తూ ఆకుల మీద పడుతోంది. చుట్టూ ఎకరాలకెకరాలు నెర్రెలిచ్చిన నేల, నడుమ చాపంత పచ్చదనం.

"కూచోండమ్మా, మజ్జిగ తాగుతారా?" అంది రమణమ్మ. కళ్ళు తుడుచుకుని ఉంది గాని, మర్యాదకు లోటు చేయలేదు.

మజ్జిగ తాగుతూ తూర్పు దిమ్మె ఎక్కడుందో మనసులో గీసుకున్నాను. దాని ఒక కొస ఈ గోడకి ఆనుకుని ఉంది, కింద ఏడాది పొడుగునా తడే. రెండో కొస మిషను గది వాకిలివైపు ఉంది. అక్కడ మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతుంది, గడప బయట నెర్రెల్లో కోడిపిల్ల పడితే తీయలేం. ఇక రెండో కంప్రెసరు దిమ్మె గది నడుమ ఉంది, రెండు కొసలూ సమంగా పొడి. అదే మేస్త్రీ, అదే సిమెంటు, అదే మిషను, కాని దానిమీద వెంట్రుకవాసి బీట లేదు.

తిరిగొచ్చి మోకాళ్ళ మీద కూచుని చూశాను. బీట పైన వెడల్పు, కిందికి సన్నం. అదురుకి పగిలితే బోల్టుల చుట్టూ పగలాలి, అక్కడ చెక్కుచెదరలేదు. వేసవిలో ఎండకొస కింద రేగడి కుంచించుకుపోయి ఆ కొస కిందికి వాలుతోంది. తడికొస వాలడం లేదు. నడుమ దిమ్మె విరుగుతోంది. ఇంతవరకూ తేలికే.

తేలనిది ఒకటుంది. ఎండకి వాలిన కొస వానలకి మళ్ళీ లేవాలి. లేస్తే బీట మూసుకోవాలి. ఇది ఏటికేడాది పెరుగుతోందని అందరూ చెబుతున్నారు. ఎందుకు?

మడతకాజా

బీట పైకి సరిగ్గా కనపడడం లేదు. దిమ్మె మొత్తం సున్నం వేసి, పసుపు రాసి, కుంకంబొట్లు పెట్టి ఉంది. ఉలితో బీట అంచు మెల్లగా చెక్కాను. అరచేతిలో పట్టే ముక్క ఒకటి ఊడివచ్చింది. వెలుతురులోకి తెచ్చి చూస్తే లోపల పొరలు. సిమెంటు, సున్నం, పసుపు చార, మళ్ళీ సిమెంటు, సున్నం, పసుపు. మడతకాజా విరిచినట్టుంది.

"కోటయ్యా, ఇందులో సిమెంటు ఎవరు పెట్టారు?" అని అడిగాను.

"నేనేనండి" అన్నాడు వెంటనే, కొంచెం గర్వంగానే. "ఏటా ఉగాదికి మిషనుకి పూజ చేసుకుంటామండి. రైతులందరూ వస్తారు. నాలుగు రోజుల ముందే బీటలో ఉన్న దుమ్మంతా ఊది, సిమెంటు కూరి, కర్రతో గట్టిగా దట్టించి, సున్నం కొడతానండి. ఎండిందాకా కాపలా కూచుంటా. ఒక్క ఏడు కూడా తప్పలేదండి."

మార్టూరు క్వారీల్లో బండని ఎలా చీలుస్తారో మీరు చూసే ఉంటారు. వరసగా బెజ్జాలు వేసి ఇనుప చీలలు దిగ్గొడతారు. ఒక్కో చీలనీ కొంచెం కొంచెం బిగించుకుంటూ పోతే ఎంత పెద్ద బండైనా రెండవుతుంది. ఇక్కడ జరిగింది అదే. ఉగాదికి రేగడి కుంచించుకుని బీట తెరుచుకుని ఉంటుంది. అప్పుడు దాంట్లో సిమెంటు దట్టిస్తే అది గట్టిపడి చీల అవుతుంది. వానలకి నేల ఉబ్బి బీటని మూయబోతే ఈ చీల మూయనివ్వదు. నేల ఊరుకోదు, ఆ చీల చుట్టూనే దిమ్మెని ఇంకొంచెం విరుస్తుంది. మరుసటి ఏడు ఉగాదికి బీట ఇంకొంచెం పెద్దది, ఇంకొంచెం సిమెంటు. కోటయ్య ప్రేమగా, భక్తిగా, ఏటా ఒక చీల దిగ్గొట్టాడు.

ఇక నా ఇబ్బంది చూడండి. బోల్టుల నేరం నుంచి ఈయన్ని బయటపడేసే మాటే ఈయన్ని ఇంకో నేరంలో పడేస్తుంది. నీళ్ళ సంగతి చెబితే రమణమ్మ తోట, సిమెంటు సంగతి చెబితే కోటయ్య చెయ్యి. మింగమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. చెప్పకపోతే మళ్ళీ ఉగాదికి మళ్ళీ చీల.

ముగ్గురినీ పిలిచాను. ముక్క వాళ్ళ ముందు పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. నేల తవ్వకుండా దిమ్మె వేసిన మేస్త్రీ దగ్గర మొదలుపెట్టి, కాలవ వేయని సంగతి, ఎండ, తడి, సిమెంటు, అన్నీ. బోల్టుల్లో తప్పేమీ లేదని రెండుసార్లు చెప్పాను.

కోటయ్య ఆ ముక్కని చేతిలోకి తీసుకుని పసుపు చార మీద వేలు రాశాడు. "అయితే నా చేత్తోనే పగలగొట్టానా అండీ?" అన్నాడు. నాకు చాలా బాధేసింది.

"తోట కొట్టేయాలా అమ్మా?" అంది రమణమ్మ.

వెంకటేశ్వర్లు గారు ఆ ముక్క అందుకుని తిప్పి తిప్పి చూసి, కోటయ్య వైపు చూడకుండా పక్కన పెట్టారు. చివరికి, "ఇప్పుడేం చెయ్యాలంటారు?" అన్నారు.

"సిమెంటంతా తీసేసి బీట ఖాళీగా వదిలేయాలండీ. వానలొచ్చేదాకా ఏమీ చేయకూడదు."

"ఏంది! బాగుచేయండమ్మా అని పిలిస్తే ఉన్న సిమెంటు కూడా పీకేస్తానంటారా?"

వాన కోసం

ఆ సాయంత్రం ప్రసాదరావు గారికి ఫోను చేశాను. అంతా విని, "నువ్వు చెప్పింది నిజమే అయుంటుందమ్మా. కాని ఖాళీ బీట చూపించి ఇదే మా రిపేరు అన్న ఇంజనీరుని నేనింతవరకూ చూళ్ళేదు" అన్నారు. తర్వాత, "కూచున్నావా?" అని అడిగారు. కూచున్నానన్నాను. "అయితే కానీ" అని పెట్టేశారు. నేను చూసిన బాసుల్లో ఇంత తక్కువ మాటల్లో ఇంత ధైర్యం ఇచ్చినాయన ఇంకొకరు లేరు.

బీటలో సిమెంటంతా తీయించాను. తీసింది కోటయ్యే, వేరేవాళ్ళని ముట్టనివ్వలేదు. గాలి ఊది శుభ్రం చేసి, దుమ్ము పడకుండా పైన పట్టా కప్పాం. దిమ్మెకి రెండు పక్కలా పొడవాటి ఇనుపబోల్టులు పెట్టి, కొసల్లో మందపు ప్లేట్లు వేసి, మరలు బిగించాం. బీట ఇక పెరగకుండా అవి పట్టుకుంటాయి. మూసుకునేకొద్దీ మర కొంచెం కొంచెం తిప్పుతూ రావాలి. నేల రోజూ ఏం చేస్తోందో తెలియడానికి బీటకి అటొకటి ఇటొకటి ఇత్తడి మొలలు దించి, వాటి మధ్య దూరం కొలవడం కోటయ్యకి అప్పజెప్పాను. గోడ వెనక నీళ్ళకి కాలవ కట్టించాను.

"నాలుగు ట్యాంకర్ల నీళ్ళు తెప్పించి ఎండకొస దగ్గర పోయిస్తే అయిపోదా?" అన్నారు వెంకటేశ్వర్లు గారు. అలా పోస్తే నెర్రెల్లోంచి నీళ్ళన్నీ ఒక్కచోటికే పోయి ఒక మూల మాత్రం ఎగదన్నుతుంది, ఉన్న బీటకి అడ్డంగా ఇంకోటి వస్తుంది. నేల మెల్లగా, అంతటా నానాలి. అది వాన చేతిలో పని.

ఆయన ఒక గడువు పెట్టారు. "వానలు పడ్డాక బీట మూసుకుంటే కోటయ్య ఉంటాడు. మూసుకోకపోతే వాడూ వెళతాడు, మీరూ రానక్కర్లేదు." కోపంగానే అన్నా, సామాన్లు సర్దుకోమన్న మాట అప్పటికి వెనక్కి తీసుకున్నట్టే.

ఆ ఏడు వాన ఆలస్యమైంది. మృగశిర కార్తె ఉత్తదే పోయింది. మేఘాలు వినుకొండ కొండ మీదికి వచ్చి, నిలబడి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి వెళ్ళిపోయేవి. ఒక్క కంప్రెసరు రొప్పుతూ నడుస్తోంది. కోటయ్య దాని పక్కనుంచి కదలడం మానేశాడు. నేను వెళ్ళినప్పుడల్లా మొలల మధ్య కొలత చూపించి, "కదల్లేదండి" అనేవాడు. రమణమ్మ సామాన్లు ఒక మూట కట్టి గోడకి ఆనించి ఉంచింది. విప్పలేదు, ఎత్తలేదు. నేను గుంటూరులో ఇంటి డాబా మీద పడుకుంటే కలలో ఆ బీట కనపడేది. ఒకసారి దాంట్లో నా చిన్ననాటి గాజు మెరుస్తూ కనపడింది. చెయ్యి పెట్టబోతే పిన్ని గొంతు, వదిలెయ్యవే అని.

చివరికి పునర్వసులో పట్టుకుంది. ఆగకుండా కురిసింది. వాన వెలిసిన కొన్నాళ్ళకి కోటయ్య ఫోను. వెనక కప్పల బెకబెకలు వినపడుతున్నాయి.

"ఇంజనీరమ్మగారూ, మర తిరుగుతోందండీ."

"ఎంత?"

"నిన్న బిగుతుగా ఉందండి. ఇయ్యాల స్పానరు పెడితే వదులుగా తిరిగిందండి. బీట దగ్గరికొస్తోందండీ." ఫోను రమణమ్మ తీసుకుని, "మూట విప్పేశానమ్మా" అంది.

వానాకాలమంతా ఆయన మర తిప్పుతూనే ఉన్నాడు. నేల ఒక పక్కనుంచి తోస్తుంటే, ఆయన రెండో పక్కనుంచి బిగించుకుంటూ వచ్చాడు. కార్తీకానికి బీట గోటితో గీసిన గీతంత అయింది. అప్పుడు దాంట్లోకి పల్చటి ఎపాక్సీ జిగురు సూదితో ఎక్కించాం. దిమ్మె చుట్టూ నేలకి సిమెంటు అంచు వేశాం. పుస్తకం ప్రకారం కండెన్సరు నీళ్ళన్నీ దూరంగా పంపేయాలి. చాలావరకు పంపాం. కొంచెం మాత్రం సన్న బెజ్జాల గొట్టంలో ఆ అంచు బయట అన్నివైపులా సమంగా తిరిగేటట్టు పెట్టాను, వేసవిలో కూడా నేల ఒక్కతీరుగా ఉండాలని. ప్రసాదరావు గారు చూసి, "ఇది రిపేరా, తోటపనా?" అని గొణిగారు. రెండూనండీ అన్నాను.

మళ్ళీ ఉగాది

మరుసటి ఉగాదికి పూజకి రమ్మని వెంకటేశ్వర్లు గారు కబురు చేశారు. వెళ్ళేసరికి రైతులు వాకిట్లో నిండుగా ఉన్నారు. ఆ వాకిలి పక్కన, అదివరకు నెర్రెలుండే చోట, రమణమ్మ నాటిన కొత్త అరటిపిలకలు ఆకులు విప్పుతున్నాయి.

తూర్పు దిమ్మెకి తెల్లగా సున్నం వేసి ఉంది, పసుపూ కుంకమా ఉన్నాయి. కాని బీట ఉన్నచోట, అటూ ఇటూ చెయ్యి వెడల్పున, కోటయ్య సున్నం వేయలేదు. బూడిదరంగు కాంక్రీటు అలాగే కనపడుతోంది, దానిమీద ఆ సన్నటి గీత. గీతకి ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి కుంకంబొట్టు పెట్టాడు.

ఒక పెద్దాయన వంగి చూసి, "ఏంది వెంకటేశ్వర్లూ, ఇక్కడ సున్నం మర్చిపోయారే! ఇదేంది, బీటా?" అన్నాడు.

అందరూ చూశారు. కోటయ్య చేతిలో కొబ్బరికాయ అలాగే ఆగిపోయింది. యజమాని గొంతు లేస్తుందని నేనూ అనుకున్నాను.

"బీటేనయ్యా" అన్నారు వెంకటేశ్వర్లు గారు. ఆ మనిషికి అంత చిన్న గొంతు ఉందని నాకు తెలియదు. "ఎప్పట్నుంచో ఉంది. మీకు కనపడితే సరుకు పెట్టరని, సిమెంటు పెట్టి కప్పమని ఏటా నేనే చెప్పా. వాడు చెప్పినట్టు చేశాడు. పోయినేడు వాణ్ణే తిట్టా. నా మాట మీదే దిమ్మె పగిలింది. ఇప్పుడు కోటయ్య నిలబెట్టాడు. కనపడనీయండి."

ఆ పెద్దాయన కండువా సర్దుకుని, గీత మీద చెయ్యి వేసి కాసేపు ఉంచి, "నడపరా కోటయ్యా" అన్నాడు. కోటయ్య కాయ కొట్టి స్విచ్చి వేశాడు.

నేను దిమ్మె పక్కన కూచున్నాను. మోత ఒకే పోగులా సాగింది. ఎక్కడా కుంటలేదు. పులిహోర తినడానికి రమ్మని రమణమ్మ వచ్చి నన్ను లేపాల్సి వచ్చింది.